తోడు నడిచేవాడి షరతు

సెప్టెంబరు 5న షాద్‌నగర్‌లో ఏ బడి మైదానంలో కూర్చున్నా ఒకే ప్రసంగం వినపడుతుంది. మైకు ముందు మనిషి మారతాడు, శాలువా రంగు మారుతుంది, మాట మాత్రం మారదు. మన కథల్లో గురువంటే ఇచ్చేవాడు, శిష్యుడంటే పుచ్చుకునేవాడు. ముసలాయన దగ్గర విద్య ఉంటుంది, పిల్లవాడి దగ్గర వినయం ఉంటుంది, వినయం ఎంతుంటే విద్య అంత అబ్బుతుంది. రుజువుకు ముందు ఏకలవ్యుడు, తర్వాత ‘శంకరాభరణం’. ఆఖర్న ఒక నిట్టూర్పు: ఆ బంధం ఇప్పుడేదీ? మన పిల్లలు ఫోన్లో ‘హ్యారీ పాటర్’ డంబుల్‌డోర్‌ను చూసుకుంటూ మన గురువులను మరిచిపోయారు.

ఇది బడి ప్రసంగాలతో పోయేదైతే పట్టించుకోనక్కర్లేదు. సాహిత్యం చదివినవాళ్లూ ఇదే అంటున్నారు, కాస్త మర్యాదైన మాటల్లో. పీఠికల్లో, సినిమా సమీక్షల్లో, పిల్లల కథల పోటీ నిబంధనల్లో ‘గురుశిష్య సంప్రదాయం’ అన్న పేరుతో అదే బొమ్మ గీస్తున్నారు: పైనుంచి కిందికి దిగే వెలుగు, కింద దోసిలి పట్టిన బాలుడు.

నేను ఒప్పుకోను. గురువుల మీద నాకు కోపం లేదు. వీళ్లు సాక్ష్యానికి పిలుస్తున్న కథలే బోనెక్కి వీళ్లకు వ్యతిరేకంగా చెబుతున్నాయి, అదీ నా అభ్యంతరం. మన కథల్లో పెద్దాయనకూ పిల్లవాడికీ మధ్య ఉన్నది చాలాచోట్ల బేరం. అందులో అవసరం ముందు పెద్దాయనది. కథ నడిచేది పిల్లవాడి ప్రశ్న మీద. ఆ ప్రశ్న నోరు మూసిన ప్రతిచోటా ఎవరో ఒకరికి రక్తం కారింది.

మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు రాశారు. మన తాతల తరంలో ఆ పుస్తకం నలుగురి మధ్యలో పెట్టుకుని పైకి చదివేవారు. లోపలి కథలు చాలామందికి గుర్తుంటాయి. వాటిని కట్టి ఉంచిన పై కథను ఎవరూ తలుచుకోరు. మణిసిద్ధుడనే యతికి కాశీ వెళ్లాలని కోరిక. అప్పట్లో కాశీకి పోవడమంటే కాటికి పోవడమే అనేవారు. ఒంటరిగా కదిలే దారి కాదు, తోడు కావాలి. దొరికిన తోడు ఒక గొల్ల కుర్రాడు. వాడు యతి తేజస్సు చూసి కాళ్ల మీద పడలేదు, షరతు పెట్టాడు. మజిలీ మజిలీకి నేను అడిగిన దానికి కథ చెప్పాలి, చెప్పకపోతే అక్కడినుంచే ఇంటికి మళ్లుతాను. అంతే. ఊరు చేరగానే కుర్రాడు లోపలికి వెళ్లి తిరుగుతాడు, ఏదో వింత చూస్తాడు, దాని సంగతేమిటని నిలదీస్తాడు. యతి తన దగ్గరున్న మణిలోకి చూసి ఆ వృత్తాంతం తెలుసుకుని చెబుతాడు.

ఇక్కడ ఎవరు ఎవరికి ఏమిస్తున్నారు? యతికి మణి ఉంది, అందులో లోకమంతా కనిపిస్తుంది. కానీ ఎటు చూడాలో మణి చెప్పదు. ఊళ్లోకి వెళ్లి, కళ్లు తెరుచుకుని తిరిగి, ఇదేమిటి అని అడిగేవాడు కుర్రాడు. వాడు అడగని ఊరికి కథ లేదు. పన్నెండు భాగాల పుస్తకంలో ఒక్క కథా పెద్దాయన తనంతట తాను మొదలుపెట్టింది కాదు. వాడు అలిగి కూర్చుంటే కాశీ ప్రయాణమూ ఆగుతుంది, పుస్తకమూ ఆగుతుంది. ఇంత స్పష్టంగా రాసిపెట్టిన ఒప్పందాన్ని మనం ‘గురువు దయతో చెప్పిన కథలు’గా గుర్తుపెట్టుకున్నాం. దీక్షితులుగారినీ పూర్తిగా వెనకేసుకు రాలేను. కథ మొదలయ్యాక ఆ కుర్రాడిని ఆయన చాలాసేపు మరిచిపోతారు. రాకుమారులూ రాకుమార్తెలూ వందల పేజీలు ఆక్రమిస్తారు, అడిగినవాడు మళ్లీ మజిలీ చివర్న గాని కనిపించడు. అయినా ఆ షరతును ఆయన తీసెయ్యలేదు.

ఇంచుమించు ఆ కాలంలోనే, 1901లో, కిప్లింగ్ ‘కిమ్’ నవల వచ్చింది. అక్కడా ఒక ముసలి లామా, దారి మీద ఒక కుర్రాడు. లామా వెతుకుతున్నది ఒక పవిత్ర నది. ఆయనకు ఊళ్లో అన్నం అడుక్కోవడం కూడా సరిగ్గా చేతకాదు. భిక్షాపాత్ర పట్టుకుని తిరిగి తెచ్చేది కిమ్. వాడి బడి ఫీజు కట్టేది లామా. ఎవరి ఖాతాలో ఎంత జమ, ఎంత ఖర్చు అన్నది నవల దాచదు. హెమింగ్వే ‘ముసలివాడు–సముద్రం’లో కూడా సాంటియాగోకు తిండి తెచ్చిపెట్టేది, కాఫీ తెచ్చిపెట్టేది ఆయన చేపలు పట్టడం నేర్పిన కుర్రాడే. కనుక ఇది మన ఒక్కరి విశేషమని గొప్పలు పోనక్కర్లేదు. మనకూ ఉంది, మనమే చూడ్డం మానేశాం.

ఇప్పుడు ద్రోణుడి దగ్గరికి వద్దాం. సభల్లో ఏకలవ్యుణ్ణి అడ్డం పెట్టుకుని గురుభక్తి చెప్పేవాళ్లు ఆదిపర్వంలో కొన్ని పుటలు వెనక్కి తిప్పితే బాగుండు. ద్రోణుడు హస్తినాపురానికి ఎందుకొచ్చాడు? ఇంట్లో పసివాడికి పాలు లేవు. తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్లిస్తే పాలనుకుని తాగి అశ్వత్థామ గంతులేశాడు. చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుడి దగ్గరికి పోతే, రాజుకూ పేదవాడికీ స్నేహమేమిటని అవమానించి పంపాడు. ఆ అవమానం గుండెల్లో పెట్టుకుని ఆయన ఒక బావి దగ్గర తేలాడు. బావిలో బంతి పడిపోయి కురుకుమారులు దిక్కుతోచక నిలబడి ఉన్నారు. బక్కచిక్కిన ఆ బ్రాహ్మడు గడ్డిపోచలతో బంతి తీసి చూపించాడు. వ్యాసభారతంలో ఆయన దానికి ముందే ఆ పిల్లలను అడిగింది ఏమిటో తెలుసా? అన్నం. భారతంలోకెల్లా పేరున్న గురువు పిల్లలతో కలిపిన మొదటి మాటల్లో ఆకలి ఉంది.

గురువుగా కుదిరాక కూడా పాఠం వెంటనే మొదలు కాలేదు. పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని, నా మనసులో ఒక కోరిక ఉంది, విద్య పూర్తయ్యాక తీరుస్తారా అని అడిగాడు. అందరూ ఊరుకున్నారు. అర్జునుడొక్కడు సరేనన్నాడు. ద్రోణుడు ఆ పిల్లవాడిని కౌగిలించుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ కోరిక ద్రుపదుణ్ణి కట్టి తెచ్చి కాళ్ల దగ్గర పడేయడమని తర్వాత తేలింది. అర్జునుడు తెచ్చాడు, పాంచాలంలో సగం ద్రోణుడి చేతికొచ్చింది. దీన్ని పవిత్ర బంధమనండి, నేను కాదనను. కానీ ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాడు ఒకడు అనకండి. ద్రోణుడి పగకు ఆ పిల్లలు కావాలి. వ్యాసుడు అది దాచలేదు. దాస్తున్నది మన ప్రసంగాలు.

ఈ వెలుగులో ఏకలవ్యుణ్ణి చూడండి. నిషాదరాజు కొడుకును ద్రోణుడు చేర్చుకోలేదు. వాడు అడవిలో మట్టి బొమ్మ చేసుకుని తనంతట తానే నేర్చుకున్నాడు. మొరుగుతున్న కుక్క నోటిని బాణాలతో నింపిన ఆ నేర్పు చూసి అర్జునుడికి అవమానమైంది. నాకంటే గొప్పవాడు ఉండడని మాటిచ్చారు కదా అని గురువును చాటుగా అడిగాడు. ద్రోణుడు అడవికి వెళ్లి, ఒక్క పాఠం చెప్పకుండా దక్షిణ అడిగాడు, కుడిచేతి బొటనవేలు.

‘కానీ వాడు సంతోషంగా ఇచ్చాడు కదా’ అంటారు. ఇదే వాళ్ల ఆఖరి ఆయుధం. అవును, మొహం చిన్నబుచ్చుకోకుండా ఇచ్చాడు. ఆ సంతోషమే నన్ను భయపెడుతుంది. అర్జునుడు మాటిచ్చే ముందు కాకపోయినా, ఇచ్చాక అయినా గురువును లెక్క అడిగాడు: మీరన్నది ఇదీ, జరుగుతున్నది ఇదీ. ఏకలవ్యుడు ఏదీ అడగలేదు. చేర్చుకోనప్పుడు ఎందుకని అడగలేదు, వేలు అడిగినప్పుడు దేనికని అడగలేదు. ఇద్దరు శిష్యుల్లో గురువును ప్రశ్నించినవాడికి విద్య మిగిలింది, పూజించినవాడికి నాలుగు వేళ్లు మిగిలాయి. కథ ఇలా ఉంటే మనం దీన్ని పసిపిల్లల చేత నాటకం వేయించి, వేలు కోసుకునే చోట చప్పట్లు కొట్టిస్తున్నాం.

సినిమా సంగతి ఇంకా విచిత్రం. కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ 1980లో వచ్చింది, ‘స్వాతికిరణం’ 1992లో. మొదటిది గురువు గొప్పదనానికి, రెండోది ఒక గురువు అసూయకు అని జనం రెండు అరల్లో సర్దేశారు. శంకరశాస్త్రి మంచి గురువు, అనంతరామశర్మ చెడ్డ గురువు, మంచి గురువును వెతుక్కుంటే సరిపోతుంది. చాలా సౌకర్యమైన వ్యాఖ్యానం. పన్నెండేళ్ల తర్వాత దర్శకుడు ఈ రెండో సినిమా తీసింది ఇంతమాత్రం చెప్పడానికా?

శంకరశాస్త్రి దగ్గర మొదలుపెడదాం. జనం పాత సంగీతం వినడం మానేశారు, పెద్దాయన పేదరికంలో పడ్డాడు, ఆయన పాట ఆయనతోనే పోయేట్టుంది. అప్పుడు తులసి తన కొడుకు శంకరాన్ని ఆయన దగ్గరికి చేర్చింది. చివరి కచేరీలో పెద్దాయన గొంతు ఆగిపోతుంది, సగంలో నిలిచిన పాటను అందుకుని ముగించేది పిల్లవాడు. కాలికున్న గండపెండేరం వాడికి దక్కుతుంది. ప్రేక్షకుడి కంట్లో నీళ్లు తిరిగేది పిల్లవాడికి పెండేరం దొరికినందుకు కాదు, ముసలాయన పాటకు గొంతు దొరికినందుకు. ఆ పిల్లవాడే లేకపోతే శాస్త్రి సగం పాట మధ్యలో చనిపోయిన ఒక మొండి మనిషి. ఆ ఇంట్లో అసలు బిచ్చగాడు ఎవరో సినిమాకు తెలుసు, సమీక్షలకు తెలియదు.

ఇక ‘స్వాతికిరణం’. మమ్ముట్టి వేసిన అనంతరామశర్మకు పేరుంది, అహం అంతకంటే ఉంది. మాస్టర్ మంజునాథ్ వేసిన గంగాధరం పుట్టుకతోనే సంగీతం వచ్చినవాడు. పిల్లలు లేని శర్మ భార్య శారదమ్మ వాడిని కొడుకులా దగ్గరకు తీసుకుంటుంది. ఆ కుర్రాడికి తెరమీద గొంతు ఇచ్చింది వాణీ జయరాం, ఈ సినిమా పాటకే ఆమెకు జాతీయ అవార్డు వచ్చింది. శర్మకు దొరకని బాణీ వాడికి అలవోకగా దొరుకుతుంది. అది గురువు పేరున చెలామణి అవుతుంది. ముందుకు పోయే దారులు ఒక్కొక్కటీ మూసుకుంటాయి. చివరికి తాను బతికి ఉండటమే గురువుకు బాధ అని తెలుసుకుని ఆ పిల్లవాడు ప్రాణం తీసుకుంటాడు.

అసూయ కథ అని ముద్ర వేస్తే శర్మ ఒక్కడే దోషిగా తేలతాడు, మిగతా అందరం ఇంటికి వెళ్లి భోంచెయ్యొచ్చు. కానీ గంగాధరం చావుకు అసూయ ఒక్కటే చాలదు. అసూయపడే గురువులు లోకంలో ఎందరో ఉన్నారు, వాళ్ల శిష్యులు వేరే ఊరు వెళ్లి పాడుకుంటున్నారు. ఈ పిల్లవాడు ఎందుకు వెళ్లలేకపోయాడు? ఆ బాణీ నాదని ఎందుకు అనలేకపోయాడు? వాడి దగ్గర విద్య ఉంది, అమ్మలాంటి మనిషి ఉంది, పాటను ప్రేమించే జనం ఉన్నారు. లేనిదల్లా గురువును తప్పు పట్టే హక్కు. అది ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. గురువు బాధపడితే తప్పు తనదే అయి ఉండాలని వాడు నమ్మాడు. మన సభల్లో ఏ గుణాన్ని పొగిడి చప్పట్లు కొట్టిస్తున్నామో, ఆ గుణం నూటికి నూరుపాళ్లు ఉన్న శిష్యుడు గంగాధరం. వాడి వినయంలో ఎక్కడా లోపం లేదు. ఏకలవ్యుడు వేలు ఇచ్చాడు, వీడు మిగతాది ఇచ్చాడు. విశ్వనాథ్ తీసింది గురుభక్తికి మినహాయింపు కాదు, దాన్ని చివరిదాకా నడిపిస్తే ఎక్కడికి చేరుతుందో ఆ చోటు.

మన జానపదులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అందుకే పరమానందయ్యనూ ఆయన శిష్యులనూ తయారుచేసుకుని గురువు మాట అక్షరం పొల్లుపోకుండా పాటిస్తే ఏమవుతుందో చెప్పుకుని నవ్వుకున్నారు. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం ముసలివాడు కాడు గాని గురువు పాత్రను పూర్తిగా కట్టాడు. తనతో మాట్లాడటమే చదువని వెంకటేశాన్ని నమ్మించాడు, నేర్పింది చుట్ట కాల్చడం, చేరింది శిష్యుడి ఇంటికి, కన్ను వేసింది శిష్యుడి విధవ అక్క మీద. ముళ్లపూడి బుడుగు అయితే ప్రైవేటు మాస్టర్లను లెక్కపెట్టుకుంటూ పోయాడు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’కి ఆధారం మళ్లీ ఆ కాశీమజిలీలే. నేపాళ మాంత్రికుడు తోటరాముడి ధైర్యాన్ని మెచ్చుకుంటాడు, దారి చూపిస్తాడు, సంపద ఆశ చూపిస్తాడు, పరీక్షల్లో వెంట ఉంటాడు. ప్రతిదీ గురువు చేసే పనే. ఒక్కటే తేడా, ఇదంతా చివర్న వాడిని బలివ్వడానికి. రాముడికి విషయం తెలిసింది గనక తల మాంత్రికుడిది తెగింది. ఎస్వీ రంగారావు నోట ‘డింభకా’ అన్న పిలుపు విని మనం మురిసిపోతాం, ఆ ముద్దు పిలుపు కత్తిని దాచుకుని ఉందన్నది మరిచిపోతాం.

డంబుల్‌డోర్‌ను పిల్లల ముందు మన గురువులకు పోటీగా నిలబెట్టి ఏడ్చేవాళ్లు కూడా 2007లో వచ్చిన ‘హ్యారీ పాటర్’ ఏడో పుస్తకం చదివి ఉండరు. హ్యారీ చావాల్సి ఉంటుందని ఆ ముసలాయనకు ముందే తెలుసు. తెలిసీ ఏళ్ల తరబడి చెప్పకుండా పెంచాడని అందులోనే బయటపడుతుంది. రచయిత్రి ఆయనకు శాలువా కప్పి ఊరుకోలేదు. ‘స్టార్ వార్స్’లో ఓబీవాన్ కూడా ల్యూక్‌కు తండ్రి గురించి నిజం చెప్పలేదు. కాబట్టి మన పిల్లలు వాటిని చూస్తున్నది అక్కడ గురువులు గొప్పగా ఉన్నారని కాదేమో. అక్కడి కుర్రాడికి పెద్దాయన మీద కోపగించుకునే వీలుంది. మనం వాళ్లకిచ్చిన కథల్లో ఆ వీలును కత్తిరించి ఇచ్చాం.

ఒక అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసేయకూడదు. లొంగకుండా విద్య రాదంటారు. సరళీ వరుసలు పాడేటప్పుడు ఇదెందుకు అదెందుకని పిల్లవాడు వాదిస్తే గొంతు లేవదు. నిజం. మగ్గం దగ్గరా, వంట దగ్గరా, వైద్యం దగ్గరా అంతే. కానీ అది పాఠానికి లొంగడం, మనిషికి కాదు. ఈ తేడా మన ఊరి పేరు వెనకే ఉంది. షాద్‌నగర్‌కు పేరిచ్చిన మహారాజా కిషన్ పర్షాద్ 1901 నుంచి 1912 వరకు, మళ్లీ 1926 నుంచి 1937 వరకు హైదరాబాద్ సంస్థానానికి ప్రధానమంత్రి. ‘షాద్’ ఆయన ఉర్దూ కవిత్వానికి పెట్టుకున్న కలం పేరు. ఆ కవుల లోకంలో శాగిర్దు, అంటే శిష్యుడు, ముందుగా తన గజల్ తాను రాసి తీసుకెళ్లాలి, ఉస్తాద్ దాన్ని దిద్దుతాడు. దాన్ని ఇస్లాహ్ అంటారు. ఉత్త దోసిలితో వెళ్లినవాడికి అక్కడ దొరికేదేమీ లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాగ్ దెహల్వీకి శాగిర్దు, ఆ ఉస్తాద్‌కు జీతమిచ్చిందీ ఆ శాగిర్దే. దిద్దుబాటుకు తలవంచాడు గాని నిజాం తన కలాన్ని దాగ్ కాళ్ల దగ్గర పెట్టి రాలేదు.

పక్కనే బూర్గుల గ్రామం. ఆ ఊరి పేరు ఇంటిపేరైన రామకృష్ణారావు దగ్గర పి.వి. నరసింహారావు జూనియర్ వకీలుగా పనిచేశారు. మనవాళ్లు ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. అదే పి.వి. 1998లో నవల రాస్తే దాని పేరు తెలుగులో ‘లోపలి మనిషి’ అయింది. పెద్దల దగ్గర నేర్చుకున్నవాడు పెద్దల రాజకీయాన్ని చల్లటి కళ్లతో చూసి రాసిన పుస్తకం అది. గురుశిష్యుల సభల్లో మొదటి వాక్యం వినిపిస్తుంది, రెండోది వినిపించదు.

ఇంకా పాత సాక్ష్యం కావాలంటే కఠోపనిషత్తు ఉంది. నచికేతుడు యముడి గుమ్మంలో మూడు రాత్రులు తిండి లేకుండా కూర్చున్నాడు. వచ్చిన యముడు అతిథిని పస్తు పెట్టినందుకు నొచ్చుకుని మూడు వరాలిచ్చాడు. అంటే మొదలే గురువు బాకీతో మొదలైంది. చచ్చాక ఏమవుతుందో చెప్పమని మూడో వరంగా అడిగితే యముడు తప్పించుకోవాలని చూశాడు. ఏనుగులిస్తాను, బంగారమిస్తాను, నూరేళ్లు బతికే కొడుకులనూ మనవలనూ ఇస్తాను, ఇది మాత్రం అడగకు అన్నాడు. వినయమే శిష్య లక్షణమైతే నచికేతుడు సరేనని ఏనుగులు తోలుకుని రావాలి. రాలేదు, అవన్నీ నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. ఆ మొండితనం వల్లే ఉపనిషత్తు ఉంది.

మరి ప్రహ్లాదుడో? భక్తికి మారుపేరని మనమే అంటాం. గురుభక్తికి మాత్రం ఆ పిల్లవాడు పనికిరాడు. తండ్రి ఏరికోరి పెట్టిన పంతుళ్లు చండామార్కులు. వాళ్లు చెప్పినదంతా విన్నాడు, నేర్చుకున్నాడు, తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం నేర్చుకున్నావని అడిగితే వాళ్లు చెప్పనిది చెప్పాడు. మేం ఇది నేర్పలేదు మహాప్రభో అని పంతుళ్లు మొత్తుకున్నారు. నిజంగానే నేర్పలేదు. వాడికి చెప్పినవాడు నారదుడు, అదీ తల్లి కడుపులో ఉండగా, పాదపూజకూ దక్షిణకూ వీల్లేని చోట. పంతుళ్లు ఇంటి పనుల మీద వెళ్లినప్పుడు వాడు తోటి రాక్షస పిల్లలను చుట్టూ చేర్చుకుని ఆ విన్నది చెప్పాడు. పిల్లలు పంతుళ్ల పాఠం పక్కన పెట్టి వాడి మాట పట్టుకున్నారు. తిరిగొచ్చిన చండామార్కులు ఇది చూసి గాభరాపడి రాజు దగ్గరికి పరుగెత్తారు, మీవాడు బడిలో పిల్లలందరినీ చెడగొడుతున్నాడని ఫిర్యాదు చెయ్యడానికి.